శుల్కం ఎవరి ఖాతాలో?

విజయనగరంలో 'శుల్కం' అనగానే మనకి గుర్తొచ్చేది చదువు కాదు, పెళ్ళి. 1892లో తొలిసారి రంగస్థలమెక్కి 1897లో అచ్చయిన గురజాడ నాటకం వల్ల వచ్చిన అలవాటది. కానీ 'కన్యాశుల్కం'లో రెండో శుల్కం కూడా ఉంది. అగ్నిహోత్రావధానులు ఇంట్లో సుబ్బి వెల పద్దెనిమిది వందలు. అదే ఇంట్లో వెంకటేశం ఇంగ్లీషు చదువుకి డబ్బు ఖర్చవుతూ ఉంటుంది. కూతురు రాబడి పద్దు, కొడుకు ఖర్చు పద్దు. ఉచిత విద్య గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు పద్దుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఉత్తరాంధ్రకి ఉచితంగా చదువుకోవడం కొత్త కాదు. 1857లో బడిగా మొదలై 1879లో కళాశాల అయిన మహారాజా విద్యాసంస్థలో గురజాడ చదువుకున్నాడు. ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి ఇంట్లో ఆయనకి ఉచితంగా తిండీ నీడా దొరికాయి. బీద బ్రాహ్మణ కుర్రాళ్ళు వారాలు చేసుకుని చదివేవారు. ఆ దానం పేరు గృహస్థుది, వండి వడ్డించిన చేతులు ఆ ఇంటి ఆడవాళ్ళవి. తాము తొక్కలేని కళాశాల గడపని వాళ్ళు తమ వంటింటి నుంచి పోషించారు. వారాలు చేసుకునే వీలు ఆడపిల్లకి లేదు, ఊరి బయట ఉంచిన కులాలకి అసలే లేదు. అంటే ఫీజు లేకపోవడం ఒక్కటే ఎవర్నీ కళాశాలకి చేర్చలేదు. తిండి, నీడ, ఇల్లు దాటే అనుమతి కూడా కావాలి.

2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించినప్పుడు ఈ మూసిన తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. అదే ఏడాది ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలోనే వసతి దీవెన మొదలైంది. డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు తిండికీ వసతికీ ఇస్తామన్నారు. వారాల నాటి అవసరాన్ని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. అమెరికాలో 2015 నుంచి టెన్నెసీ రాష్ట్రం తన కమ్యూనిటీ కాలేజీల్లో స్థానికుల ట్యూషన్ ఫీజు భరిస్తోంది కానీ, తిండీ అద్దే ఆ లెక్కలోకి రావు.

2021లో విద్యాదీవెన ఫీజు తల్లుల ఖాతాల్లో పడటం మొదలైంది. చదువు లెక్కల్లో అమ్మ పేరు కనిపించడం చిన్న విషయం కాదు. అయితే ఆ డబ్బు తీసి గడువులోగా కాలేజీకి కట్టే బాధ్యత కూడా ఆమె మీదే పడింది. 2023లో తల్లీ బిడ్డల ఉమ్మడి ఖాతా కావాలన్నారు. 2024లో వచ్చిన ప్రభుత్వం నేరుగా కాలేజీలకే చెల్లిస్తామంది. ఖాతా ఎవరిదన్న చర్చ నడుస్తుండగా అసలు సంగతి మరుగున పడింది. రీయింబర్స్‌మెంట్ అంటే ఫీజు లేకపోవడం కాదు, ఆ ఫీజుని మరొకరు తర్వాత కడతామని మాటివ్వడం. ఆ మాట ఆలస్యమైతే కాలేజీ పట్టుకునేది ప్రభుత్వాన్ని కాదు, పిల్లల సర్టిఫికెట్లని. సర్టిఫికెట్ చేతికి రాని ఆర్నెల్లు కొడుక్కి ఎదురుచూపులు, కూతురికి పెళ్ళిచూపులు.

'రాష్ట్రవాసులకి' అన్న మాటలోనూ మెలిక ఉంది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికతకి వరసగా కొన్నేళ్ళు ఇక్కడే చదివి ఉండటం ముఖ్యం. వలస వెళ్ళిన శ్రీకాకుళం కూలీల పిల్లలూ, బరంపురం, పర్లాకిమిడి తెలుగిళ్ళ నుంచి ఇచ్ఛాపురం వైపు కోడళ్ళుగా వచ్చినవాళ్ళూ ఏ ఊరివాళ్ళు? పెళ్ళి మార్చిన చిరునామాని చదువు గుర్తించదు.

అలాగని ఈ పథకాలని కొట్టిపారేయలేం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన ఎందరో అమ్మాయిలకి అవే దారి. మనం అడగాల్సింది మాత్రం వాపసు కాదు, ఫీజే లేని ప్రభుత్వ కళాశాల, దాని పక్కనే ఆడపిల్లల హాస్టలు.

ఆనంద గజపతి హయాంలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కన్యాశుల్క వివాహాలకి జాబితా వేస్తే 1034 తేలాయి. అందులో 99 మందికి అయిదేళ్ళు, ముగ్గురికి ఏడాది. ఆ అంకెలు గురజాడ తన ముందుమాటలో పెట్టాడు. బకాయిల వల్ల చదువాగిపోయిన అమ్మాయిల జాబితా కూడా అలాగే వేయాలి. అందుకు మహారాజు అక్కర్లేదు. కళాశాలల్లో పాఠాలు చెబుతున్న మనం చాలు.