చిత్తుపటం: రూపకల్పనకు తొలి మెట్టు

ఒక పరికరాన్ని కొలతలతో సహా గీయడానికి ముందు, ఆలోచనను తేల్చుకొనేందుకు చేతితో వేసే బొమ్మయే చిత్తుపటం. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల అగ్గిపెట్టెల పరిశ్రమలో పుల్లలు ముంచే చట్రం ఇందుకు మంచి ఉదాహరణ.

చేతితో చేసే పద్ధతిలో పుల్లలను గాడులు గల చెక్కపట్టీలలో వరుసగా పేర్చి, చట్రంలో బిగించి, కొనలను మైనంలోను, ఆపై మందులోను ముంచుతారు. పుల్లల నడుమ ఎడం తగ్గితే మందు తలలు అతుక్కొంటాయి. విడదీసేటప్పుడు రాపిడికి నిప్పు పుట్టవచ్చు. ఎడం పెరిగితే చట్రానికి తక్కువ పుల్లలే పడతాయి.

కాబట్టి ఆ ఎడాన్ని మూడు నాలుగు విధాలుగా గీసి, పుల్లలు పేర్చే కార్మికులకు చూపి, అట్టతో నమూనా చేసి చూసిన తరువాతనే చెక్క కోయించాలి. కాగితంపై తప్పు చెరిపితే పోతుంది. చెక్కలో మిగిలిన తప్పు కార్మికుల చేతులను కాలుస్తుంది.