ఫైలు, ఫోను, ఉత్తరం

లింగంపల్లి స్టేషన్లో ఎంఎంటీఎస్ దిగే జనంలో ల్యాప్‌టాప్ బ్యాగుల వాళ్లతో పాటు ఇంకో రకం మనుషులూ కనిపిస్తారు. వయసు నలభై, యాభై మధ్య ఉంటుంది. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంటుంది, బూట్లు మెరుస్తుంటాయి. సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్లు సర్వీసు చేసి, చాలాసార్లు నలభై నిండకముందే పెన్షన్‌తో ఇంటికి వస్తాడు. అప్పటికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు, ఇల్లు సగం కట్టి ఉంటుంది. రెండో ఉద్యోగం చూసుకోక తప్పదు. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ కంపెనీల గేట్ల దగ్గర కాపలా ఉద్యోగాలు అలాంటివాళ్లకు చాలామందికి ఆసరా. రక్షణ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్, అంటే మాజీ సైనికుల నోట్లో నానే ‘డీజీఆర్’, ఈ పని కోసమే వాళ్ల సెక్యూరిటీ ఏజెన్సీలను గుర్తించి జాబితాలో పెడుతుంది.

హైదరాబాద్‌కు సైనికులు కొత్త కాదు. నిజాం సికందర్ జా పేరిట 1806లో సికింద్రాబాద్ వెలిసిందే కంటోన్మెంట్‌గా. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, తిరుమలగిరి వైపు ఈఎంఈ, ఏవోసీ సెంటర్లు ఏళ్ల తరబడి దేశం నలుమూలల కుర్రాళ్లను సైనికులుగా తీర్చి పంపుతున్నాయి. సైనిక్‌పురి పేరులోనే వాళ్లున్నారు. ఇక తెలుగు పల్లెల మాటకొస్తే, పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది.

ఇంతమంది యూనిఫాం విప్పి ఇళ్లకు చేరే చోట, వాళ్లలో ఒకరికి బతుకు మీద ఆశ తెగిపోతే పసిగట్టే బాధ్యత ఎవరిది? డాక్టరుదని వెంటనే అనిపిస్తుంది. చరిత్ర చూస్తే మాత్రం డాక్టరు దాకా చేరకముందే ఒక గుమస్తా, ఒక టెలిఫోను, ఒక రిజిస్టరు చేసిన పని చాలా ఉంది. ఆత్మహత్యల నివారణ ఒక శాస్త్రంగా నిలబడింది కూడా ఒక ఆఫీసు పని వల్లే, అదీ మాజీ సైనికుల ఆస్పత్రిలో.

1949లో లాస్ ఏంజిలస్‌లోని మాజీ సైనికుల మానసిక వైద్యశాలలో ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే యువ మనస్తత్వవేత్త పనిచేసేవాడు. ఆత్మహత్య చేసుకున్న ఇద్దరు మాజీ సైనికుల భార్యలకు సంతాప లేఖలు రాయమని ఆస్పత్రి డైరెక్టరు ఆయనకు పని అప్పజెప్పాడు. వివరాలు లేకుండా ఏం రాస్తాం? ఆ ఇద్దరి ఫైళ్ల కోసం ఆయన కౌంటీ కరోనర్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ ఒక ఫైలులో చనిపోయిన మనిషి చివరిగా రాసిన చీటీ కనిపించింది. పక్క ఫైళ్లు తిరగేస్తే ఇంకొకటి, మరొకటి. అలా ఏడు వందలకు పైగా చీటీలు బయటపడ్డాయి. వాటిని అక్కడికక్కడ చదివేసి ఒక అభిప్రాయానికి రాకుండా ఆయన తోటి మనస్తత్వవేత్త నార్మన్ ఫార్బెరోతో కలిసి ఒక పద్ధతి కట్టాడు. చనిపోవాలన్న ఆలోచన ఏమాత్రం లేని మగవాళ్ల చేత అలాంటి చీటీలు ఊహించి రాయించి, అసలువాటితో కలిపి పోల్చి చూశారు. ఇద్దరూ రాబర్ట్ లిట్మన్ అనే మానసిక వైద్యుడితో చేతులు కలిపి 1958లో లాస్ ఏంజిలస్ ఆత్మహత్యల నివారణ కేంద్రం తెరిచారు. చనిపోయిన మనిషి ఆఖరి రోజుల్ని బంధువుల మాటల నుంచీ కాగితాల నుంచీ తిరిగి కూర్చే పద్ధతికీ, వెనక మిగిలిన కుటుంబానికి అండగా నిలిచే పనికీ పేర్లు పెట్టింది ష్నైడ్‌మనే. ఇద్దరు వితంతువులకు రాయాల్సిన ఉత్తరాల నుంచి ఇంత పుట్టింది. వాటిని ఆయన మొక్కుబడిగా రాసి పంపేసి ఉంటే ఆ ఫైళ్లు ఇంకెన్నాళ్లు మూసి ఉండేవో!

ఇంగ్లండ్‌లో అదే కాలంలో ఇంకో దారి తెరుచుకుంది. 1953 నవంబరులో లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో చాడ్ వారా అనే పాస్టరు ఒక టెలిఫోను పెట్టుకుని, చనిపోవాలనిపించినవాళ్లు తనకు ఫోన్ చేయవచ్చని ప్రకటించాడు. ఫోన్లు వచ్చాయి, మనుషులూ వచ్చారు. ఆయన గది బయట వంతు కోసం కూర్చున్నవాళ్లకు టీ ఇచ్చి కబుర్లు చెప్పే వలంటీర్లుండేవారు. కొన్నాళ్లకు వారా ఒక సంగతి గమనించాడు. ఆ వలంటీర్లతో మాట్లాడి తేలికపడ్డవాళ్లలో చాలామందికి లోపలికి వచ్చి తనను కలవాల్సిన అవసరమే ఉండటం లేదు. మూడు నెలలకే, 1954 ఫిబ్రవరిలో, ఆయన ఫోనును వలంటీర్ల చేతికిచ్చేశాడు. సమారిటన్స్ సంస్థ అలా నిలదొక్కుకుంది. ఆ వరసలోనే చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ‘స్నేహ’ను స్థాపించారు. 1997లో సికింద్రాబాద్ కేంద్రంగా ‘రోష్ని’ హెల్ప్‌లైన్ మొదలైంది.

మన దగ్గర అప్పటికీ ఒక పెద్ద అడ్డంకి ఉండేది. ఆత్మహత్యాయత్నం చేసి బతికి బయటపడ్డ మనిషి పేరిట మొదట తెరుచుకునేది పోలీసు ఫైలు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద అప్పట్లో అది నేరం, ఏడాది దాకా జైలు. ఆ సెక్షన్ చెల్లుతుందని 1980ల చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ కేసులో పిటిషనర్లలో ఒకరు శ్రీకాకుళం ఉద్యమంతో పేరు ముడిపడ్డ నాగభూషణ్ పట్నాయక్. రెండేళ్లకే, 1996లో, అయిదుగురు జడ్జీల ధర్మాసనం సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. కోర్టుల్లో ఇలా సాగుతుండగా ఊళ్లలో జరిగింది వేరు. కుటుంబాలు ఆస్పత్రిలో అబద్ధం చెప్పేవి. కాలు జారిందనేవి, పొరపాటున మింగాడనేవి. కేసు భయం, పరువు భయం కలిసి, సాయం అందాల్సిన చోటే నోరు మూయించాయి. దాచిపెట్టిన మనిషికి ఏ ఆఫీసూ తోడుండలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంతో గాలి మారింది. 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స, పునరావాసం చూసుకునే బాధ్యత ప్రభుత్వానిదే అని దాని 115వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. పోలీసు ఫైలు స్థానంలో ఆరోగ్య ఫైలు తెరవాలని చట్టం చెప్పడానికి మనకు నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది.

మాజీ సైనికుల ఆఫీసుల కథ ఇంకోటి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. దాని వారసత్వమే 1975 నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు. రాష్ట్రంలో సైనిక సంక్షేమ శాఖ, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఆ కొమ్మలే. వైద్యం కోసం 2003 ఏప్రిల్‌లో ఈసీహెచ్‌ఎస్ అనే పథకం వచ్చింది. పెన్షన్ ఇప్పుడు ‘స్పర్శ్’ ఆన్‌లైన్ పద్ధతిలోకి మారింది. జిల్లా ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చే సమస్యలు చూడండి. డిశ్చార్జి బుక్కులో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. కుటుంబ వివరాల మార్పును నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరు పడలేదని రికార్డ్ ఆఫీసు తిప్పి పంపుతుంది. పెన్షన్ చెల్లింపు ఆదేశం, అంటే పీపీవోలో తప్పు దొర్లుతుంది. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ నెలల తరబడి ఆగుతుంది. చూసేవాళ్లకు ఇవి చిన్న కాగితాల గొడవలు. పడేవాళ్లకు ఇంటి అద్దె, పిల్లల ఫీజు, పదిమందిలో తలెత్తుకోవడం. చనిపోవాలన్న ఆలోచనకు కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు. అప్పు, నొప్పి, తాగుడు, ఒంటరితనం, కుంగుబాటు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఆ కుప్పలోంచి ఒక కాగితం గొడవను తీసేయగలిగినా బరువు కొంత దిగుతుంది. జిల్లా ఆఫీసులో పార్ట్ టూ ఆర్డరు కోసం రికార్డ్ ఆఫీసుకు మూడోసారి ఉత్తరం రాసే సహాయకుడి పనిని ఎవరూ ప్రాణరక్షణ అని పిలవరు. అది ప్రాణరక్షణే.

ఈ పనికి జీతం, హోదా, పద్ధతి ఇచ్చిన దేశం అమెరికా. ఇరాక్ నుంచి తిరిగొచ్చి 2005లో ప్రాణం తీసుకున్న జాషువా ఓంవిగ్ అనే యువ సైనికుడి పేరిట అక్కడ 2007లో చట్టం వచ్చింది. ఆ ఏడాదే న్యూయార్క్ రాష్ట్రంలోని కానండైగ్వాలో మాజీ సైనికుల కోసం ప్రత్యేక హాట్‌లైన్ మొదలైంది. ప్రతి మాజీ సైనికుల ఆస్పత్రిలోనూ నివారణ సమన్వయకర్త అనే ఉద్యోగి ఉండాలన్నారు. ఆ మనిషి చేసేది ఎక్కువగా ఆఫీసు పనే. హాట్‌లైన్ నుంచి వచ్చిన పేరును అందుకోవాలి. రికార్డులో ప్రమాద సూచిక పెట్టాలి. తొంభై రోజులకోసారి దాన్ని మళ్లీ సమీక్షించాలి. మొదటి నెలలో నాలుగుసార్లయినా ఆ మనిషిని కలిసేలా చూడాలి. అపాయింట్‌మెంట్‌కు రాకపోతే ఫోన్ చేయాలి. ఎవరో ఒకరు జాబితా పట్టుకుని కూర్చోకపోతే ఇందులో ఏదీ జరగదు. అయినా 2021లో అక్కడ 6,392 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. పద్ధతి పెట్టినంత మాత్రాన సమస్య తీరిపోలేదు. కాకపోతే ఆ దేశం ఏటా లెక్కపెడుతుంది, ఆ లెక్కను ప్రజల ముందు పెడుతుంది.

ఆ పద్ధతిలో ఉత్తరాలకూ చోటుంది. వాటి వెనక ఉన్నది సాన్‌ఫ్రాన్సిస్కో మానసిక వైద్యుడు జెరోమ్ మోటో. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉండగా తనకు వచ్చిన ఉత్తరాలు ఎంత ఊరటనిచ్చాయో ఆయన మరిచిపోలేదు. ఆస్పత్రి నుంచి వెళ్లాక చికిత్స వద్దన్న 843 మందిని ఎంచుకుని, సగానికి కాస్త తక్కువ మందికి అయిదేళ్లలో 24 చిన్న ఉత్తరాలు పంపించాడు. అందులో సలహా లేదు, రమ్మన్న ఒత్తిడి లేదు. మీరు బాగున్నారనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి అన్న ధోరణి, అంతే. ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్య మరణాలు తగ్గాయి, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో. వైద్య చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన పనులు అరుదు. అడ్రసుల జాబితా, తేదీలు, మానవత్వమున్న రెండు వాక్యాలు. వీటిని సమయానికి పోస్టు చేసే మనిషి ఉంటే చాలు.

మన దగ్గర లెక్క ఎలా ఉంది? జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతి లక్ష మందికి 12.4. తెలంగాణలో ఆ రేటు 26.3, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. ఆ పట్టికల్లో విద్యార్థులకు, దినకూలీలకు, గృహిణులకు వేర్వేరు వరసలున్నాయి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో పనిచేస్తున్నవాళ్లకు ఒక అధ్యాయమే ఉంది. మాజీ సైనికుడికి మాత్రం విడిగా వరస లేదు. అరవై దాటిన గుమస్తాతో కలిపి ‘పదవీ విరమణ చేసినవారు’ అన్న గడిలోనో, గేటు దగ్గర కాపలా ఉంటే ప్రైవేటు ఉద్యోగుల గడిలోనో కలిసిపోతాడు. లెక్కలో లేని మనిషి కోసం బడ్జెట్లో పద్దు పుట్టదు.

అయినా తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ దేశమంతటా ఒకే నంబరుతో, తెలుగుతో సహా అనేక భాషల్లో పనిచేస్తోంది. 2025 నాటికి దానికి 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. తెలంగాణ విభాగం ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో ఉంది. లింగంపల్లి నుంచి మియాపూర్, కూకట్‌పల్లి మీదుగా ముంబై రోడ్డు మీద వెళ్తే వస్తుంది. ఒకప్పుడు ఆ పేరు చెప్పి ఎగతాళి చేసిన నగరం, ఇప్పుడు అక్కడికే ఫోన్ చేసి మనసు విప్పుతోంది. సైన్యం కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో టెలీ మానస్ ప్రత్యేక విభాగాన్ని త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ 2023 డిసెంబరు 1న ప్రారంభించారు. సైన్యపు ఉద్యోగం, శిక్షణ, కుటుంబానికి దూరంగా గడిపిన ఏళ్లు తెలిసిన మనిషి అవతల ఉంటే మాట త్వరగా పెగులుతుంది.

తక్కువైంది వీటన్నిటినీ కలిపే మనిషి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్, పెన్షన్ కేంద్రం, ఎర్రగడ్డ ఫోను ఎవరి గదిలో వాళ్లు పనిచేస్తే సరిపోదు. లింగంపల్లి సంగతే తీసుకుంటే, స్టేషన్ రంగారెడ్డి జిల్లాలో ఉంటే, కాస్త దూరంలో బీహెచ్‌ఈఎల్ వైపు సంగారెడ్డి జిల్లా. ఇల్లు ఒక జిల్లాలో, గేటు ఉద్యోగం ఇంకో జిల్లాలో ఉన్న మాజీ సైనికుడి సంగతి ఎవరు కనుక్కోవాలి? పెన్షనర్ ఏటా ఒకసారి తాను బతికే ఉన్నానని జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఆ ఒక్క రోజు ఆఫీసుకూ మనిషికీ ముఖాముఖికి వీలుంటుంది, ఫోన్లోనైనా వీలుంటుంది. ఆరోగ్యం ఎలా ఉంది, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరున్నారు అని ఆ రోజే అడగవచ్చు. జవాబు బాగాలేకపోతే ఎవరికి చెప్పాలో రాసి పెట్టిన కాగితం బల్ల మీద ఉండాలి. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేయాల్సిన మనిషి పేరు అందులో ఉండాలి.

ఈ పని త్వరగా మొదలవ్వాలి. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద ఆర్మీ మొదటి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణలో చేరింది. నాలుగేళ్ల తర్వాత ప్రతి వందమందిలో ఎక్కువలో ఎక్కువ 25 మందిని ఉంచి మిగతావాళ్లను ఇళ్లకు పంపుతారు. వాళ్లకు పెన్షన్ ఉండదు కాబట్టి ఏటా పలకరించే ఆ పత్రం కూడా ఉండదు. ఇరవైల్లో ఉన్న ఆ కుర్రాళ్లు ఏ ఆఫీసు జాబితాలోకీ ఎక్కకుండా మిగిలిపోకూడదు. రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ ప్రతి జిల్లాలో ఒక నివారణ సమన్వయకర్తను ఇప్పుడే నియమించాలి.

మీ ఇంట్లోనో, వీధిలోనో, ఆఫీసు గేటు దగ్గరో ఉన్న మాజీ సైనికుడు మాట తగ్గించినా, ఇక తన వల్ల ఎవరికీ ఉపయోగం లేదన్నా తేలిగ్గా తీసుకోకండి. నేరుగా అడగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడిగితే ఆ ఆలోచన పుట్టుకురాదు, ఉన్న బరువు దిగుతుంది. టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఎదురుగా కనిపిస్తుంటే మనిషిని ఒంటరిగా వదలకుండా 112కు ఫోన్ చేయండి.