భూప్రదక్షిణకి టిక్కెట్టెంత?

‘ఒకటే ధర – బేరము లేదు’ అని బోర్డు వేలాడే బట్టల కొట్లోకి అడుగు పెడితే మనలో చాలామందికి ప్రాణం ఉసూరుమంటుంది. చీర బాగానే ఉంటుంది. ధరా ఫరవాలేదు. కాని నాలుగు కొట్లు తిరిగి, “పక్కకొట్లో ఇంతకే ఇస్తానన్నాడయ్యా” అని రెండడుగులు బయటికి వేసి, వెనక్కి పిలిపించుకుని కొన్న చీరలో ఉన్న తృప్తి ఇందులో ఎక్కడిది? విమానాల తొలి రోజుల్లో ప్రపంచమంతా ఇలాంటి బోర్డు పెట్టిన కొట్టే అంటే నమ్ముతారా? ఆ బోర్డు ఎవరు పెట్టారు, ఎప్పుడు తీశారు, తీశాక మన చేతికి నిజంగా బేరం వచ్చిందా అన్నది సరదా అయిన కథే. డబ్బు కథ కూడాను.

ముందు విమానాల్లేని రోజుల్లోకి ఒకసారి వెళ్లొద్దాం. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. అదే ఏడు అమెరికాని ఈ కొసనుంచి ఆ కొసకి కలిపే రైలుదారి పూర్తయింది. మరుసటేడు మన దేశంలో బొంబాయికీ కలకత్తాకీ పట్టాలు కలిశాయి. అంటే భూగోళం చుట్టూ దారి పడిందన్నమాట. దారి పడ్డాక టిక్కెట్టు అమ్మేవాడు పుట్టకుండా ఉంటాడా? ఇంగ్లండులో థామస్ కుక్ అనే పెద్దమనిషి, 63 ఏళ్ల వయసులో, 1872 సెప్టెంబరులో కొద్దిమందిని వెంటబెట్టుకుని లివర్‌పూల్ నుంచి బయల్దేరాడు. అమెరికా, జపాను, చైనా, సింహళం, మన దేశం, ఈజిప్టు అన్నీ చుట్టి రావడానికి 222 రోజులు పట్టింది. మనిషికి 200 గినీలు. గినీ అంటే పౌను మీద ఒక షిల్లింగు ఎక్కువ. దర్జా వ్యవహారాలన్నిటికీ ఇంగ్లీషువాళ్లు గినీల్లోనే ధర చెప్పేవారు. 200 గినీలంటే లెక్క తేలేసరికి 210 పౌన్లు! మొట్టమొదటి భూప్రదక్షిణ టిక్కెట్టులోనే చెవికి వినిపించిన అంకె ఒకటి, చేత్తో ఇచ్చుకున్నది మరొకటి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

అయినా కుక్ చేసిన మేలు చిన్నది కాదు. అంతకుముందు ప్రతి రైలు కంపెనీ దగ్గరా, ప్రతి ఓడ కంపెనీ దగ్గరా విడివిడిగా కొనుక్కోవాలి. అన్నిటినీ కలిపి ఒక్కచోట, ఒక్క ధరకి అమ్మడమే ఆయన తెలివి.

అలా అమ్మేవాడు లేకపోతే ఏమవుతుందో అదే ఏడు ఫ్రాన్సులో సీరియల్‌గా వచ్చిన ‘80 రోజుల్లో భూప్రదక్షిణ’ నవల చెబుతుంది. జూల్స్ వెర్న్ రాశాడు. అందులో నాయకుడు 20 వేల పౌన్ల పందెం కాసి బయల్దేరతాడు. మన దేశంలో రైలు పట్టాలు మధ్యలో ఆగిపోతే 2 వేల పౌన్లు పోసి ఏనుగుని కొంటాడు. పందెం గెలిచేసరికి చేతినుంచి 19 వేలు ఖర్చయి ఉంటుంది. మిగిలిన వెయ్యీ పంచిపెట్టేస్తాడు. ఔదా అనే మన దేశపు అమ్మాయి భార్యగా దొరకడం ఒక్కటే ఆయనకి దక్కిన లాభం. అవసరంలో ఉన్నవాడికి ఏనుగుగలాయన చెప్పిందే ధర అని మనకి వేరే చెప్పాలా?

ఈ నవలలోని 80 రోజుల లెక్కని ఓడించింది ఒక ఆడపిల్ల. నెల్లీ బ్లై అనే కలం పేరుతో న్యూయార్కు ‘వరల్డ్’ పత్రికలో రాసే 25 ఏళ్ల అమ్మాయి, నేను వెళ్తానంటే పత్రికవాళ్లు ససేమిరా అన్నారు. ఆడదానికి వెంట ఒక మగతోడు కావాలట, సామానుకి డజను పెట్టెలు కావాలట! 1889 నవంబరు 14న ఆవిడ ఒంటిమీది గౌనుతో, చేతిలో ఒక్క సంచితో ఓడెక్కింది. 200 పౌన్లు వెంట ఉన్నాయి. బంగారు నాణాలు జేబులో, నోట్లు తోలుసంచిలో పెట్టి మెడలో కట్టుకుని. 72 రోజుల 6 గంటల 11 నిమిషాల్లో తిరిగొచ్చింది. అదే రోజున మరో పత్రిక ఎలిజబెత్ బిస్లండ్ అనే ఆవిణ్ణి ఎదురుదిక్కుగా పంపింది. ఆవిడ 76 రోజులన్నర తీసుకుంది. ఇద్దరూ వెర్న్ నాయకుణ్ణి ఓడించినవాళ్లే. కాని రెండో ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు, పాపం.

ఇక విమానాలు. 1947 జూన్ 17న పాన్ అమెరికన్ కంపెనీ విమానం న్యూయార్కులో లేచి, లండన్, ఇస్తాంబుల్, కరాచి, కలకత్తా, బాంకాక్, మనీలా మీదుగా భూమి చుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. ఆ సర్వీసు మళ్లీ న్యూయార్కు దాకా ఎందుకు లేదంటారా? అమెరికా లోపల ఒక ఊరినుంచి మరో ఊరికి ప్రయాణికుల్ని మోయడానికి ఆ కంపెనీకి అనుమతి లేదు! చివరి ముక్కకి వేరే కంపెనీ టిక్కెట్టు కొనుక్కోవాల్సిందే. గుడి చుట్టూ తిరిగి ధ్వజస్తంభం దగ్గర ఆగిపోయిన ప్రదక్షిణ అది. అయినా ఆ కంపెనీ ఒకటో నంబరు, రెండో నంబరు విమానాలు 1982 దాకా అలా భూమిని చుడుతూనే ఉన్నాయి. కంపెనీ 1991లో మూతపడింది.

మొదట చెప్పిన ‘ఒకటే ధర’ బోర్డు పెట్టింది విమాన కంపెనీల సంఘం. ఐయాటా అంటారు. 1945లో హవానాలో పుట్టింది. కంపెనీలన్నీ కూర్చుని ఫలానా ఊరినుంచి ఫలానా ఊరికి ఇంత అని తీర్మానించేవి, ప్రభుత్వాలు సరేననేవి. ఆ మీద ఎవరూ తగ్గించకూడదు. ధరలో పోటీ లేకపోతే కంపెనీలు దేంట్లో పోటీ పడతాయి? వడ్డనలో! 1958లో చవకగా ఎకానమీ తరగతి పెట్టినప్పుడు, ఈ తరగతివాళ్లకి సాదా సాండ్‌విచ్‌లు తప్ప మరేమీ పెట్టకూడదని నిబంధన రాసుకున్నారు. యూరపు కంపెనీలు ఊరుకుంటాయా? ఒక రొట్టెముక్క వేసి, దానిమీద చేపలూ, మాంసాలూ, కూరలూ గోపురంలా పేర్చి ఇదీ సాండ్‌విచ్చే అన్నాయి. అమెరికా కంపెనీలు గగ్గోలు పెట్టాయి. పంచాయితీ జరిగి, స్కాండినేవియా కంపెనీకి 20 వేల డాలర్ల జరిమానా పడింది. పెళ్లివారింట వడ్డన ఎక్కువైందని జరిమానా వేయడం ఎక్కడన్నా విన్నామా?

మన సంగతి వేరు. 1948 జూన్‌లో ఎయిరిండియా బొంబాయినుంచి లండన్‌కి మొదటి విమానం నడిపినప్పుడు ఒకవైపు ఛార్జీ 1,720 రూపాయలు. తులం బంగారం నూరు రూపాయల చుట్టుపక్కల ఉన్న రోజులు. అంటే ఒక మనిషి వెళ్లడానికే 15 తులాల పైచిలుకు. రావడం సంగతి దేవుడెరుగు. తరవాతి ఏళ్లలో డబ్బున్నా చాలేది కాదు. టిక్కెట్టు కొనాలంటే రిజర్వు బ్యాంకువారి పి-ఫారం కావాలి. చదువుకి వెళ్లిన కుర్రవాళ్లు జేబులో 8 డాలర్లతో దిగిన కథలు మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటప్పుడు ధరలు పోల్చి చూసుకోవడం మన ఊహలోకైనా వచ్చే విషయమా?

బోర్డు ఊడడం 1977లో మొదలయింది. ఫ్రెడీ లేకర్ అనే ఇంగ్లీషాయన లండన్‌నుంచి న్యూయార్కుకి 59 పౌన్లే అన్నాడు. తిండి మాత్రం విడిగా కొనుక్కోండన్నాడు. జనం రోడ్ల మీద పడుకుని మరీ క్యూ కట్టారు. 1982లో ఆయన దివాలా తీశాడు గాని, ఆ దారి మూసుకుపోలేదు. 1978లో అమెరికా తన దేశంలో ఛార్జీల అదుపు ఎత్తేసే చట్టం చేసింది.

బేరం వచ్చింది గదా అని సంతోషించబోతే, మరో చిక్కు. ధరలన్నీ కంప్యూటరు తెరమీదే కనపడతాయి. ఆ కంప్యూటర్లేమో పెద్ద విమాన కంపెనీలవే. తమ విమానాలు పైన కనపడేలా, ఎదుటివాడివి కింద ఎక్కడో ఉండేలా అమర్చుకున్నారు. నాలుగు కొట్లు తిరిగామనుకుంటాం, నాలుగూ ఒకే షావుకారివి! 1984లో అమెరికా ప్రభుత్వం ఆ పక్షపాతం కూడదని నిబంధన పెట్టింది. తరవాత 1995లో ఏజెంట్ల కమీషను కోత మొదలై 2002కల్లా అక్కడ దాదాపు పూర్తిగా పోయింది. ఏజెంటూ బతకాలి కదా? ‘సర్వీసు ఛార్జీ’ అని మననుంచే తీసుకోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడినుంచి ఛార్జీ వేరు, దాని తోకలు వేరు. బ్రిటను 1994లో విమానప్రయాణపు పన్ను వేసింది. 2004 నుంచి చమురు మండిపోతోందని కంపెనీలు ఇంధనం సర్‌ఛార్జీ కలిపాయి. 2008లో అమెరికాలో పెద్ద కంపెనీలు లోపల పెట్టే మొదటి పెట్టెకి కూడా 15 డాలర్లు అడిగాయి. వీటిల్లో నాకు కోపం తెప్పించేది మాత్రం చమురు వ్యవహారమే. చమురు ధర పెరిగితే ఛార్జీ పెంచండి, ఎవరు కాదన్నారు? అసలు ఛార్జీ తక్కువగా చూపించి, తోకలో దాచడం దేనికి? అక్కడితో ఆగితే బాగుండేది. బ్రిటిష్ ఎయిర్‌వేసూ, వర్జిన్ అట్లాంటికూ, బయటికి పోటీదారులే గాని, ఈ సర్‌ఛార్జీ ఎంత వేయాలో లోపాయికారీగా మాట్లాడుకున్నాయి. 2004, 2006 మధ్య దూర ప్రయాణాలకి అది 5 పౌన్లనుంచి 60 పౌన్లకి ఎగబాకింది. వర్జిన్‌వారే వెళ్లి సంగతి చెప్పేసి శిక్ష తప్పించుకున్నారు. 2007లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి ఒక్క అమెరికాయే 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పాత సంఘం ధరలు కలిపి కట్టినా పదిమందికీ తెలిసేలా కట్టింది. వీళ్లు చీకట్లో కట్టారు. పాపం, ఆ రెండేళ్లూ ఈ రెండు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకున్న ఇల్లాలికి ఏం ఒరిగినట్టు?

తరవాత చట్టాలు కాస్త మేలుకున్నాయి. పన్నులూ, తప్పనిసరి రుసుములూ కలిపిన మొత్తమే చూపించాలని యూరపు 2008లో శాసించింది. అమెరికాలో ఆ నిబంధన 2012 జనవరిలో అమల్లోకి వచ్చింది.

ఇంతకీ భూప్రదక్షిణ టిక్కెట్టు మనకెందుకంటారా? ఈ రోజుల్లో మన తెలుగు ఇళ్లలోనే దాని అవసరం పడేవాళ్లున్నారు. హైదరాబాదులో ఒక అమ్మమ్మగారు ఉన్నారనుకోండి. కూతురు సిడ్నీలో, కొడుకు న్యూజెర్సీలో. 1997 నుంచి 2000 లోపల విమాన కంపెనీలు మూడు పెద్ద జట్లుగా కూడాయి: స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీం. జట్టులోని ఏ కంపెనీ విమానమైనా ఎక్కేలా భూప్రదక్షిణ టిక్కెట్లు పెట్టాయి. స్టార్‌వారు మైళ్లు లెక్కపెట్టారు, వన్‌వరల్డ్‌వారు ఖండాలు లెక్కపెట్టారు. తూర్పుకి బయల్దేరితే తూర్పుకే సాగాలి. అట్లాంటిక్, పసిఫిక్ రెండూ దాటాలి. 16 విమానాలకి మించకూడదు. ఏడాదిలోపు ఇల్లు చేరాలి. ఎక్కడ మొదలుపెడితే అక్కడి ధర. అదే ప్రదక్షిణకి కొలంబోలోనో, కైరోలోనో మొదలుపెడితే చవక అని తిరుగుడు మరిగినవాళ్లు చెప్పుకునేవారు.

ఉన్న మాట చెప్పాలంటే, రెండే ఊళ్లయితే రెండు రానుపోను టిక్కెట్లే చాలాసార్లు చవక. నాలుగైదు మజిలీలుంటేనే ప్రదక్షిణ టిక్కెట్టు గిట్టుబాటు. కాని విడి టిక్కెట్లు ముక్కలు ముక్కలుగా అతికించుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. ఒక విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టిక్కెట్టయితే తరవాతి విమానం ఎక్కించే పూచీ వాళ్లది. విడి టిక్కెట్లయితే ఆ డబ్బు గంగపాలు. సామాను లెక్కా అంతే. ఒక కంపెనీ రెండు పెట్టెలు ఒప్పుకుంటే, మరోటి తూకం వేసి ఆవకాయ జాడీ దగ్గర ఆపుతుంది. తేదీ మార్చుకునే రుసుము ముందే అడిగి తెలుసుకోవాలి. మనవరాలి పురుడు మన టిక్కెట్టు చూసుకుని రాదు గదా.

లండన్ మీదుగా రావడమైతే ఇంకో తిరకాసు. అక్కడ విమానం మారడానికి 24 గంటల లోపు ఆగితే బ్రిటను పన్ను లేదు, దాటితే ఉంది. దూరాన్ని బట్టీ, తరగతిని బట్టీ ఆ పన్ను బాగానే పడుతుంది. ఇదంతా విని అమ్మమ్మగారు చెల్లెలి కూతురికి ఫోను చేసి, “నేను పొద్దున్న దిగుతానే, మర్నాడు పొద్దున్నే వెళ్లిపోతాను, మధ్యాహ్నం భోజనానికొస్తా, పప్పూ చారూ చాలు” అంటారు.