ఎక్స్‌బీటీ

ఎక్స్‌బీటీ అంటే ఓడ ఆగకుండానే సముద్రపు లోతుల్లోని ఉష్ణోగ్రతను కొలిచే, ఒక్కసారి మాత్రమే వాడే పరికరం. పూర్తిపేరు ఎక్స్‌పెండబుల్ బాతీథర్మోగ్రాఫ్.

పూర్వచరిత్ర

1938లో అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ రూపొందించిన బాతీథర్మోగ్రాఫ్ దీనికి పూర్వరూపం. తీగకు కట్టి దించితే, అందులోని సూది పూతపూసిన గాజుపలకపై లోతునూ ఉష్ణోగ్రతనూ ఒకే గీతగా గీసేది. తర్వాత దాన్ని పైకి లాగి చదివేవారు.

సముద్రపు లోతులను ఇలా కొలిచే విద్యను ఆంధ్రతీరానికి తెచ్చినవారు సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్. 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యులుగా వాల్తేరు వచ్చిన ఆయన, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థులతో నౌకాదళ ఓడలెక్కి బంగాళాఖాతాన్ని కొలిచారు. తీరం వెంట కొన్ని నెలల్లో అడుగునున్న చల్లని నీరు పైకి రావడాన్నీ, మరికొన్ని నెలల్లో పైనీరు కిందికి దిగడాన్నీ 1954లో వివరించారు. 1955లో మళ్లీ వచ్చారు. విశ్వవిద్యాలయం 1954, 1958లలో ప్రచురించిన సముద్రవిజ్ఞాన సంపుటాలు ఆ కృషికి విలువైన సాక్ష్యాలు.

1960ల్లో ఎక్స్‌బీటీ వచ్చింది. 1966లో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ఏర్పడింది. 1990 నుంచి చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే ఓడలపై ఆ సంస్థ క్రమం తప్పక ఎక్స్‌బీటీలు వేయించింది.

పనితీరు

నీళ్లలోకి జారవిడిచే ప్రోబ్ ముక్కులో ఉష్ణోగ్రతను పసిగట్టే థర్మిస్టర్ ఉంటుంది. సన్నని రాగితీగ అటు ప్రోబ్ నుంచీ ఇటు ఓడ నుంచీ విప్పుకుంటూ పోతుంది. టీ-7 రకం సుమారు 2 నిమిషాల్లో 760 మీటర్లు దిగుతుంది. తర్వాత తీగ తెగిపోతుంది, ప్రోబ్ సముద్రంపాలవుతుంది.

పరీక్షలు

ఎక్స్‌బీటీ లోతును కొలవదు. నీళ్లను తాకాక గడిచిన సెకన్లను బట్టి సూత్రంతో లెక్కగడతారు. అందుకే అదే చోట లోతును నీటి పీడనంతో కొలిచే సీటీడీ పరికరాన్ని దించి, రెంటినీ పోల్చి చూడాలి. ఇలాంటి పోలికల ఆధారంగా 1995లో హనవా బృందం పాత సూత్రం లోతును 3 శాతానికి పైగా తక్కువ చూపుతోందని తేల్చింది. 760 మీటర్ల వద్ద అది దాదాపు 25 మీటర్లు. 2002లో తడతిల్, గోపాలకృష్ణ తదితరులు అంటార్కిటిక్ జలాలను పరిశీలించారు. చల్లని నీటికి చిక్కదనం ఎక్కువ కనుక అక్కడ ప్రోబ్ నెమ్మదిగా దిగుతుంది. ఉష్ణమండలానికి సరిపడే సూత్రం అక్కడ నప్పదు.

ఈ తేడాలు చిన్నవి కావు. సముద్రం వేడెక్కుతున్న తీరును లెక్కించేందుకు 1970ల నుంచి మూడు దశాబ్దాల పాటు ఎక్స్‌బీటీ కొలతలే ప్రధాన ఆధారం. ఆ ప్రోబులేవీ మళ్లీ పరీక్షించడానికి తిరిగిరావు. నాటి లెక్కలను సరిదిద్దే దారి, జాగ్రత్తగా చేసిన ఈ పోలికలే.