అప్పగించిన తాళంచెవి: క్లిప్పర్ చిప్ వైఫల్యంలో 16 బిట్ల పాత్ర

1993 ఏప్రిల్ 16న అమెరికాలోని క్లింటన్ ప్రభుత్వం క్లిప్పర్ చిప్‌ను ప్రకటించింది. టెలిఫోన్ సంభాషణలను గుప్తీకరించే ఈ చిప్ తాళంచెవికి నకలు ప్రభుత్వాధీనంలో ఉంటుంది. ‘కీ ఎస్క్రో’గా పేరుపొందిన విధానమిదే. నకలును రెండు భాగాలుగా విడదీసి, ఒకదానిని ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు, రెండవదానిని ట్రెజరీ శాఖలోని ఒక విభాగానికి అప్పగించదలచారు. చట్టబద్ధమైన అనుమతి చూపినప్పుడే రెండూ కలవాలి.

కాపలాదారులను నమ్మవచ్చునా అన్న ప్రశ్న చుట్టూనే నాటి వివాదం ఎక్కువగా సాగింది. బలహీనత మాత్రం సందేశం వెంట వెళ్లే ఒక చిన్న చీటీలో ఉంది. లీఫ్ అనే ఈ 128 బిట్ల చీటీలో చిప్ గుర్తింపు సంఖ్యకు 32, ఆ సంభాషణకు పరిమితమైన తాత్కాలిక కీ నకలుకు 80, సరిచూసే సంఖ్యకు 16 బిట్లు కేటాయించారు. నిఘా అధికారులకు ఈ చీటీయే ఆధారం. సరిచూసే సంఖ్య పొసగకపోతే అవతలి చిప్ సందేశాన్ని విప్పదు. స్కిప్‌జాక్ అనే అసలు గుప్తీకరణ పద్ధతిని 1993లోనే ఐదుగురు బయటి నిపుణులు పరిశీలించారు, లోపమేదీ చూపలేదు. తాళం గట్టిదే.

1994లో ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు మాట్ బ్లేజ్ ఆ 16 బిట్లపై దృష్టి నిలిపారు. (ఈ చిప్‌తో భద్ర టెలిఫోన్ పరికరాన్ని తయారుచేసినదీ ఏటీ అండ్ టీయే.) 16 బిట్లకు సాధ్యమయ్యే విలువలు 65,536 మాత్రమే. యాదృచ్ఛికంగా చీటీలు సృష్టించి పరీక్షిస్తూ పోతే, ఆయన వాడిన కార్డుపై సగటున 42 నిమిషాలలో ఒక నకిలీ చీటీ ఆమోదం పొందుతుంది. అవతలి చిప్ దానిని అసలైనదిగానే స్వీకరిస్తుంది. అధికారులకు దక్కేది అర్థంలేని అంకెలే. ఫోన్ కాల్‌కు ముందు అంతసేపు వేచి ఉండటం కష్టమే కాని, ఈమెయిల్‌కు ఆ ఇబ్బంది లేదు. నిబంధన పాటించే పౌరుని సంభాషణ తెరుచుకునే స్థితిలోనూ, తప్పించుకోదలచినవాని సంభాషణ భద్రంగానూ ఉండటం ఈ పథకంలోని అసలు వైపరీత్యం.

1997లో బ్లేజ్ సహా 11 మంది నిపుణులు వెలువరించిన నివేదిక మరొక తేడాను స్పష్టం చేసింది. నిల్వ ఉన్న దస్త్రాల కీ పోతే సంస్థలు నష్టపోతాయి, అందువల్ల దాని పునరుద్ధరణ వారికి అవసరం. ముగిసిన ఫోన్ సంభాషణ కీతో మాట్లాడినవారికి పనిలేదు. దానిని కోరేది నిఘా వ్యవస్థ మాత్రమే. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లనే ప్రభుత్వ వాదనకు కొంత బలం చేకూరింది. స్కిప్‌జాక్ వివరాలను 1998 జూన్‌లో బహిర్గతం చేసేనాటికి క్లిప్పర్ వాడుకలో నిలదొక్కుకోలేకపోయింది.