ఎర్ర సముద్రం ఒడ్డున అమ్రాబాద్

మీరు అరబ్బు దేశం నుంచి వచ్చినోళ్లే కదా! ఈ మాట మాకు బడిలో వినబడింది, బస్టాండులో వినబడింది, పత్రికాఫీసులోనూ వినబడింది. అనేవాళ్లందరూ ద్వేషంతో అనరు. చరిత్ర పాఠం వాళ్లకు అట్లా నేర్పింది. ముస్లిం అంటే గుర్రం, కత్తి, దండయాత్ర. అమ్రాబాద్‌లో దూది ఏకినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, పీర్లను ఎత్తినవాళ్లు, చెంచుల దగ్గర తేనె కొని అమ్ముకున్నవాళ్లు ఏ దండుతో వచ్చారో ఆ పాఠం చెప్పదు.

సముద్రం అవతలి తీరాలతో మాకు సంబంధమే లేదని మేము అనం. ఉంది. అది మీరనుకున్న తీరుగా లేదు. 19వ శతాబ్దంలో హద్రమౌత్ నుంచి అరబ్బులు హైదరాబాద్‌కు సిపాయి నౌకరీకి వచ్చారు. హైదరాబాద్‌లో జమేదారీ చేసిన ఖువైతీ కుటుంబమే అటు ముకల్లా తీరాన్ని 1967 దాకా ఏలింది. వాళ్ల సిపాయిలున్న బ్యారక్సే ఇవాళ్టి బార్కస్. మా పాలమూరులోనే వనపర్తి రాజు ఆఫ్రికా సిద్దీలతో అశ్వదళం పెట్టుకున్నాడు. అది తర్వాత నిజాంకు చేరింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు ఆ దళం వల్లనే వచ్చింది. సముద్రం దాటి వచ్చిన ఆ గుర్రపు దళాన్ని పోషించింది ఒక రెడ్డి రాజు. ఈ సంగతి ఏ పాఠంలో ఉంది?

తర్వాత దారి తిరగబడింది. 1973 తర్వాత చమురు ధర పెరిగింది. అటు నుంచి ఇటు వచ్చిన నౌకరీ ఇటు నుంచి అటు పోయింది. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల వెనుకనే మావాళ్లు కొందరు గల్ఫ్ పోయారు.

1990ల నడుమ మా ఇంటిల్లిపాదిమీ ఎర్ర సముద్రం ఒడ్డు పొడుగునా కారులో పోయాం. భాయిజాన్, భాభీ, పిల్లలు, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మీ, మేము. జెద్దా నుంచి యన్బూ, ఉమ్లజ్, వజ్హ్, దుబా, చివరకు హఖల్. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. ఎడమ పక్కన సముద్రం, కుడి పక్కన బోడి గుట్టలు. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరే ఉంది. ఆయన ముద్ర వేసిన కాగితం లేనిదే ఊరు దాటరాదు. ప్రతి చెక్‌పోస్టులో సిపాయి ఇఖామా తిప్పి చూసి 'హిందీ' అనేవాడు. సలాం చెప్పినా, నమాజ్ పక్కపక్కనే చదివినా మేము హిందీలమే.

యన్బూ మదీనాకు రేవు. వజ్హ్ పాత ఈజిప్టు హాజీల మజిలీ. అక్కడ కారు దిగి అమ్మీ చాలాసేపు నిలబడ్డది. 'ఇన్ని నీళ్లు, ఒక్క చింతచెట్టన్నా లేదు' అన్నది. డబ్బాలో తెచ్చుకున్న చింతతొక్కు ఆ ఒడ్డునే కలుపుకుని తిన్నాం. హఖల్‌లో అఖబా ఖాడీ అవతల ఈజిప్టు కొండలు కనబడ్డాయి. అంత దూరం పోయినా మా ముత్తాతల జాడ మాకెక్కడా తగల్లేదు.

జాడ తగిలింది మక్కాలో. అదీ మా జిల్లా పేరు మీద. నిజాంలు అక్కడ హాజీల కోసం రుబాత్‌లు ఏర్పాటు చేశారు. వాటిలో ఉచితంగా దిగే హక్కు పాత హైదరాబాద్ రాజ్యపు హాజీలది. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలవాళ్లది. లక్నో ముస్లింకు లేదు, గుంటూరు ముస్లింకు లేదు, అమ్రాబాద్ ముస్లింకు ఉంది. అదృష్టం ఉండి లాటరీలో పేరు రావాలి, అంతే. దీన్ మాకందరికీ ఒకటే. అయినా కాబా నీడన కూడా ఆ తలుపు తెరిచేది పుట్టిన నేలను చూసి.

బొంబాయి నుంచి జెద్దాకు హాజీల ఓడలు 1995లో ఆగిపోయాయి. 2016లో అమ్రాబాద్ మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాకు మారింది. ఓడలు పోయినా, జిల్లాలు మారినా ఆ హక్కు ఈ నేలదే. ఇక్కడ అరబ్బులని, అక్కడ హిందీలని అనిపించుకున్నాం. మేమెక్కడివాళ్లమో తేల్చడానికి మా గడ్డం, మా టోపీ చూడనక్కర్లేదు. ఆ రుబాత్ ఎవరి కోసమో చదివితే చాలు.