చేరకముందే వచ్చే డబ్బు: బాల్కన్ దేశాలకు యూరప్ ఇచ్చే గ్రాంట్లు, అప్పుల లెక్క ఇదీ

బోస్నియా, కొసోవో. 1990లలో యుద్ధ వార్తలతో పాటు ఈ పేర్లు మన ఇళ్లలోకి వచ్చాయి. సరాయెవో ముట్టడి, స్రెబ్రెనిత్సా మారణకాండ గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ తర్వాత ఆ దేశాలు ఏమయ్యాయి, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నాయి అన్నది మాత్రం మన దాకా పెద్దగా రాదు.

ఇప్పుడు ఆ ప్రాంతం నుంచి వచ్చే వార్తల్లో ఎక్కువగా కనిపించే మాటలు రెండు. ఒకటి, యూరోపియన్ యూనియన్‌లో చేరిక. రెండోది, యూరప్ నుంచి వందల కోట్ల యూరోల 'సాయం'. ఈ సాయంలో ఉచితంగా వచ్చేది ఎంత, తిరిగి కట్టాల్సింది ఎంత, ఏ షరతు మీద వస్తుంది? ఈ మూడూ తెలియకపోతే ఆ వార్తలు సగమే అర్థమవుతాయి. అందుకే ఈ వివరణ.

లైన్‌లో ఎవరెవరు ఉన్నారు?

యూరోపియన్ యూనియన్‌లో ఇప్పుడు 27 దేశాలున్నాయి. చేరాలని ఎదురుచూస్తున్న వాటిలో పశ్చిమ బాల్కన్ దేశాలు ఆరు: అల్బేనియా, బోస్నియా-హెర్జెగోవినా, కొసోవో, ఉత్తర మాసిడోనియా, మాంటెనెగ్రో, సెర్బియా. వీటిలో అల్బేనియా, కొసోవోల్లో ముస్లింలు మెజారిటీ. బోస్నియాలో 2013 జనాభా లెక్కల ప్రకారం దాదాపు సగం. ఆరు దేశాల జనాభా కలిపినా రెండు కోట్లు దాటదు. ఇవి కాక తుర్కియే, ఉక్రెయిన్, మోల్డోవా, జార్జియా కూడా అభ్యర్థి దేశాలే. కొసోవో 2022 డిసెంబరులో దరఖాస్తు పెట్టుకుంది కానీ అభ్యర్థి హోదా ఇంకా రాలేదు.

చేరాలంటే ఏం ఉండాలో 1993లో కోపెన్‌హాగన్‌లో తీర్మానించారు. నిలకడైన ప్రజాస్వామ్యం, పనిచేసే మార్కెట్, యూనియన్ చట్టాలన్నీ అమలు చేయగల సత్తా ఉండాలి. 2003లో థెస్సలొనీకి సదస్సులో బాల్కన్ దేశాల భవిష్యత్తు యూరోపియన్ యూనియన్‌లోనే అని మాటిచ్చారు. ఆ మాటకు ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా ఇంకా లోపలికి పోలేదు.

మొదటి రకం: ఐపీఏ గ్రాంట్లు

చేరకముందు దేశాలను తయారు చేయడానికి ఇచ్చే డబ్బుకి 'ప్రవేశపూర్వ సహాయ నిధి' అని పేరు. పొట్టిగా ఐపీఏ అంటారు. దీనికంటే ముందు, 1989లో పోలండ్, హంగరీల కోసం 'ఫేర్' అనే పథకం మొదలైంది. వేరే పథకాలు కూడా కొన్ని నడిచాయి. 2007లో వాటన్నిటినీ కలిపి ఐపీఏగా చేశారు. మొదటి విడత 2007 నుంచి 2013 వరకు సుమారు 1,150 కోట్ల యూరోలు. ఇప్పుడు నడుస్తున్న మూడో విడత 2021 నుంచి 2027 వరకు. దీని మొత్తం 1,400 కోట్ల యూరోల పైమాటే. ఒక యూరోని వంద రూపాయలుగా లెక్కేసుకుంటే లక్షా నలభై వేల కోట్ల రూపాయలు. ఆరు బాల్కన్ దేశాలతో పాటు తుర్కియేకి కూడా ఇందులో వాటా ఉంది.

ఇది ప్రధానంగా గ్రాంటు. తిరిగి కట్టక్కర్లేదు. కోర్టుల సంస్కరణ, ప్రభుత్వ ఆఫీసుల ఆధునీకరణ, పర్యావరణం, రవాణా, ఉపాధి, పల్లెల అభివృద్ధి లాంటి పనులకు ఖర్చు పెడతారు.

పల్లెల అభివృద్ధి భాగం పద్ధతి కాస్త వేరు. రైతు ముందు సొంత డబ్బుతోనో బ్యాంకు లోన్‌తోనో డెయిరీ షెడ్డు కట్టుకోవాలి, మెషీన్లు కొనుక్కోవాలి. బిల్లులు పెట్టి, తనిఖీ అయ్యాకే అందులో కొంత శాతం వాపసు వస్తుంది. అంటే చేతిలో ముందే కొంత ఉన్న రైతుకే ఇది ఎక్కువ పనికొస్తుంది. 2023లో అల్బేనియాలో అక్రమాలు బయటపడటంతో ఈ నిధుల్ని కమిషన్ నిలిపేసింది. గ్రాంటే అయినా లెక్క చెప్పకపోతే ఆగిపోతుందన్న మాట.

రెండో రకం: సరిహద్దుకు రెండు వైపులా కలిసి చేసే పనులు

ప్రాంతీయ సహకార నిధి అంటే ఇదే. నిన్నటి దాకా కొట్టుకున్న ఇరుగుపొరుగు దేశాలను ఒక పనిలో కూర్చోబెట్టడం దీని ఉద్దేశం. ఒక మున్సిపాలిటీ, యూనివర్సిటీ, ఆసుపత్రి లేదా స్వచ్ఛంద సంస్థ ఒంటరిగా దరఖాస్తు చేసుకుంటే కుదరదు. సరిహద్దు అవతలి వైపు భాగస్వామి కూడా ఉండాలి. ఉదాహరణకు క్రొయేషియా, బోస్నియా, మాంటెనెగ్రోలకు కలిపి ఒక కార్యక్రమం ఉంది. ఇటలీ, అల్బేనియా, మాంటెనెగ్రోలకు ఇంకొకటి ఉంది. వరదల హెచ్చరికలు, టూరిజం, ఆరోగ్యం లాంటివి ఇందులో వస్తాయి.

యూనియన్ సభ్య దేశాలు కూడా ఉండే ఈ కార్యక్రమాల్లో ఖర్చులో సాధారణంగా 85 శాతం వరకు యూనియన్ భరిస్తుంది. మిగతాది భాగస్వాములు వేసుకోవాలి. చిన్న పట్టణాలకు కష్టం వచ్చేది ఈ 15 శాతం దగ్గరే. పైగా మొదట ఖర్చు పెట్టి తర్వాత రాబట్టుకోవాలి. అందాకా నడపడానికి చేతిలో నగదు కావాలి.

ఈ సహకారంతో మామూలు జనానికి తగిలిన లాభం కూడా ఒకటుంది. 2021 జూలై 1 నుంచి ఈ ఆరు దేశాల మధ్య మొబైల్ రోమింగ్ చార్జీలు ఎత్తేశారు. సరాయెవో నుంచి బెల్‌గ్రేడ్ వెళ్లినా ఇంటి ప్యాకేజీనే వాడుకోవచ్చు.

మూడో రకం: గ్రాంటు కొంత, అప్పు కొంత

రహదారులు, రైళ్లు, మురుగునీటి ప్లాంట్లు లాంటి పెద్ద పనులకు గ్రాంటు ఒక్కటే సరిపోదు. ఇక్కడ 2009లో పెట్టిన 'పశ్చిమ బాల్కన్ పెట్టుబడుల వేదిక' వస్తుంది. యూనియన్ కొంత గ్రాంటు ఇస్తుంది. మిగతాది యూరోపియన్ పెట్టుబడుల బ్యాంకు, ఈబీఆర్‌డీ లాంటి సంస్థలు అప్పుగా ఇస్తాయి.

మనకి తెలిసిన లెక్కలో చెప్పాలంటే మైనారిటీ కార్పొరేషన్ సబ్సిడీ లోన్ లాంటిది. సబ్సిడీ ఒక భాగం, బ్యాంకు లోన్ ఒక భాగం. పేపర్లో హెడ్డింగ్ మొత్తం సొమ్ముతోనే వస్తుంది. కిస్తీ కట్టేటప్పుడు గానీ బ్యాంకు భాగం ఎంతో గుర్తురాదు. బోస్నియాలో ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే ఫైవ్-సి కారిడార్ హైవేని ముక్కలు ముక్కలుగా ఇలాగే కడుతున్నారు.

కొత్త ప్యాకేజీ: 600 కోట్లలో 400 కోట్లు అప్పే

2023 నవంబరులో యూరోపియన్ కమిషన్ ఈ ఆరు దేశాల కోసం 'గ్రోత్ ప్లాన్' ప్రకటించింది. దాని కింద 2024 మేలో 600 కోట్ల యూరోల సంస్కరణ-అభివృద్ధి నిధి అమల్లోకి వచ్చింది. గడువు 2027 దాకా. ఇందులో గ్రాంటు 200 కోట్లు. మిగతా 400 కోట్లు తక్కువ వడ్డీ అప్పు.

అప్పు షరతులు మాత్రం తేలికైనవే. యూనియన్ తన పరపతి మీద మార్కెట్లో చవగ్గా డబ్బు తెచ్చి ఈ దేశాలకు ఇస్తుంది. గరిష్ఠ కాలం 40 ఏళ్లు. అసలు తీర్చడం 2034కి ముందు మొదలు కాదు. సొంతంగా బాండ్లు అమ్ముకుంటే ఈ దేశాలకు ఇంత వెసులుబాటు దొరకదు.

విడుదల పద్ధతి మన గవర్నమెంటు ఇళ్ల పథకం బిల్లుల్లాంటిది. బేస్‌మెంట్ పడితే ఒక బిల్లు, స్లాబ్ పడితే ఇంకో బిల్లు. ఇక్కడ ప్రతి దేశం ముందుగా 'సంస్కరణల అజెండా' రాసివ్వాలి. ఏ చట్టం ఎప్పటికి తెస్తారు, ఏ నియామకాలు ఎలా చేస్తారు అన్నది అందులో ఉంటుంది. ఒప్పందాలు పూర్తయ్యాక 7 శాతం ముందస్తుగా ఇస్తారు. తర్వాత ఏడాదికి రెండుసార్లు తనిఖీ. నెరవేరిన షరతుకి కేటాయించిన సొమ్ము వస్తుంది. నెరవేరని దానికి కొంత గడువిస్తారు. అప్పటికీ కాకపోతే ఆ సొమ్ము పోతుంది. దాన్ని మిగతా దేశాలకు పంచేయొచ్చు కూడా.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

బోస్నియానే చూడండి. మిగతా ఐదు దేశాల అజెండాలకు 2024 అక్టోబరులోనే ఆమోదం వచ్చింది. బోస్నియాకి రాలేదు. 1995 డేటన్ ఒప్పందం యుద్ధాన్ని ఆపింది కానీ దేశాన్ని రెండు భాగాలుగా, అందులో ఒక భాగాన్ని పది కాంటన్లుగా విడగొట్టిన పాలనను మిగిల్చింది. ఒక్క కాగితం మీద అందరి సంతకాలు తేవడమే గగనం. ఈ దేశానికి సుమారు 108 కోట్ల యూరోలు అనుకున్నారు. గడువు దాటడంతో 2025 జూలైలో కమిషన్ 10 శాతం కోసేసింది. అజెండాకు ఆమోదం దొరికేసరికి 2025 డిసెంబరు వచ్చింది.

కొసోవోది ఇంకో కథ. 2025 ఫిబ్రవరి ఎన్నికల తర్వాత పార్లమెంటులో స్పీకర్ ఎన్నికే నెలల తరబడి తేలలేదు. సభ నడవకపోతే ఒప్పందానికి ఆమోదం రాదు, ఆమోదం లేకపోతే డబ్బు రాదు. రెండు చోట్లా నష్టపోయింది గొడవపడ్డ నాయకులు కాదు. రోడ్డు, ఆసుపత్రి కోసం ఎదురుచూసిన జనం.

చైనా అప్పుతో పోలిస్తే?

షరతుల గోల ఎందుకని వేరే చోట అప్పు చేసిన దేశమూ ఉంది. మాంటెనెగ్రో 2014లో హైవే కోసం చైనా ఎగ్జిమ్ బ్యాంకు దగ్గర 94 కోట్ల డాలర్ల పైన అప్పు తీసుకుంది. వడ్డీ 2 శాతం. కట్టింది చైనా కంపెనీ. ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశానికి అది మోయలేని బరువైంది. 41 కిలోమీటర్ల మొదటి భాగం 2022లో తెరుచుకుంది. దాని అప్పు తీర్చడానికి సాయం చేయమని 2021లో అడిగితే, వేరే వాళ్ల దగ్గర చేసిన అప్పు మేం తీర్చం అని యూనియన్ చెప్పేసింది. వడ్డీ తక్కువ కదా అని చూస్తే చాలదు. అసలు ఎంత, సంపాదన ఎంత అన్నది కూడా చూడాలి.

లోపలున్న దేశానికి, బయటున్న దేశానికి తేడా

క్రొయేషియా 2013 జూలై 1న యూనియన్‌లో చేరింది. 2022 జూలైలో అక్కడ పెల్యెషాత్స్ వంతెన తెరిచారు. దీనికి యూనియన్ 35.7 కోట్ల యూరోలు ఇచ్చింది. అర్హత ఉన్న ఖర్చులో 85 శాతం. అప్పు కాదు, గ్రాంటే. ఆ వంతెన కట్టిందెందుకో తెలుసా? మధ్యలో అడ్డొచ్చే బోస్నియా తీరపట్టణం నెయుమ్‌ని తప్పించుకుని పోవడానికి. వంతెన పక్కనే ఉన్న బోస్నియా మాత్రం తన హైవేల్లో పెద్ద భాగం అప్పు మీదే కడుతోంది. సముద్రం అదే, కొండలు అవే. సభ్యత్వం ఉందా లేదా అన్నదే తేడా.

తుర్కియే, జార్జియాల సంగతి

తుర్కియేకి 1999లో అభ్యర్థి హోదా వచ్చింది. 2005లో చర్చలు మొదలయ్యాయి. 2018 నుంచి అవి నిలిచిపోయాయి. ఐపీఏ డబ్బు తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. సిరియా శరణార్థుల కోసం 2016 నుంచి ఇచ్చిన 600 కోట్ల యూరోలు దీనికి వేరు. రెండింటినీ కలిపి చూడకూడదు.

మన తెలుగు పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్తున్న జార్జియాకి 2023 డిసెంబరులో హోదా దక్కింది. 2024 నవంబరులో అక్కడి ప్రభుత్వమే చేరిక చర్చలు 2028 చివరి దాకా వద్దని, బడ్జెట్ గ్రాంట్లు కూడా తీసుకోమని ప్రకటించింది. తిబిలిసీ వీధుల్లో నిరసనలు చెలరేగింది అందుకే.

వార్త చదివేటప్పుడు ఈ నాలుగు చూడండి

1. ప్రకటించిన మొత్తంలో గ్రాంటు ఎంత, అప్పు ఎంత?
2. అది కేటాయింపా, నిజంగా విడుదలైందా? రెండింటి మధ్య ఏళ్లు గడుస్తాయి.
3. ఏ షరతు మీద వస్తుంది, గడువు ఎప్పటిదాకా?
4. అసలు, వడ్డీ తీర్చడం ఎప్పుడు మొదలవుతుంది, ఎవరి పన్నుల్లోంచి?

నాలుగో ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. సభ్యత్వం ఎప్పుడొస్తుందో ఎవరూ రాసివ్వలేదు. వచ్చినా రాకపోయినా ఈ అప్పు మాత్రం తీర్చాల్సిందే. డేటన్ ఒప్పందం ఏడాది పుట్టిన బోస్నియా బిడ్డకు 2034 నాటికి 39 ఏళ్లు వస్తాయి. ఆ తరంలో చాలామంది ఇప్పటికే జర్మనీ, ఆస్ట్రియాల్లో పని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన మన ఊళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అసలు కట్టడం మొదలయ్యే నాటికి ఊళ్లో మిగిలిన వాళ్ల మీదే ఆ బరువు పడుతుంది.

ఈ డబ్బుతో కట్టిన రోడ్డు, పెట్టిన కోర్టు, దొరికిన ఉద్యోగం ఆ పిల్లల్ని ఊళ్లో నిలబెడితే అప్పు తీర్చడం కష్టం కాదు. లేదంటే మిగిలేది కిస్తీ ఒక్కటే.